చుక్క పెట్రోలుకు లెక్క చెప్పినవాడు

మీ హాస్టల్‌ షెడ్డులో ఇలాంటి బండి ఒకటి ఉండే ఉంటుంది. కొన్నప్పుడు శుభ్రంగా నడిచింది. ఆ తర్వాత యజమానికి సరదా పుట్టింది. కంపెనీ సైలెన్సర్‌ తీసి బయట కొన్నది బిగించాడు. ఎయిర్‌ ఫిల్టర్‌ డబ్బా పీకేసి దాని చోట గుండ్రటి ఫిల్టర్‌ పెట్టాడు. చప్పుడు బాగా పెరిగింది. కానీ యాక్సిలరేటర్‌ వదిలితే సైలెన్సర్‌లో టప్‌ టప్‌మంటోంది. గ్యాప్‌ పడుతోంది. ఇంజిన్‌ మండిపోతోంది, పికప్‌ ముందున్నంత కూడా లేదు. నలుగురు మెకానిక్‌లు నాలుగు మాటలు చెప్పారు. జేబు ఖాళీ అయింది, బండి మాత్రం బాగుపడలేదు.

రేపు మీరు ఏదైనా వాహన కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లి కూర్చుంటే ఇదే ప్రశ్న ఎదురుకావచ్చు. సైలెన్సర్‌, ఫిల్టర్‌ మారిస్తే కార్బ్యురేటర్‌కి ఏమవుతుంది? జవాబు బట్టీ పట్టొచ్చు. కానీ ఆ జవాబు వెనుక ఓ మనిషి బతుకుంది. అది తెలిస్తే జవాబు మరిచిపోవడం కష్టం. ఆ మనిషి పేరు విల్‌హెల్మ్‌ మేబాక్‌. కోట్లు పలికే మెర్సిడెస్‌ కార్ల మీద ఈ పేరు మీరు చూసే ఉంటారు. ఆ పేరుగల మనిషి పదేళ్ల వయసులో అనాథ అని మాత్రం చాలామందికి తెలియదు.

పేపర్‌ ప్రకటనతో దొరికిన గూడు

1846 ఫిబ్రవరి 9న జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో మేబాక్‌ పుట్టాడు. తండ్రి వడ్రంగి. ఇంట్లో ఐదుగురు మగపిల్లలు. బతుకుదెరువు కోసం కుటుంబం స్టుట్‌గార్ట్‌ చేరింది. 8 ఏళ్లప్పుడు తల్లి పోయింది, 10 ఏళ్లప్పుడు తండ్రి పోయాడు. పిల్లల్ని ఆదుకోవాలని కోరుతూ అయినవాళ్లు స్థానిక పత్రికలో ప్రకటన ఇచ్చారు. అది చూసి స్పందించినవాళ్లలో రాయిట్లింగెన్‌ పట్టణంలో అనాథలకు ఆశ్రమం నడుపుతున్న గుస్టాఫ్‌ వెర్నర్‌ ఉన్నారు. ఆయన విల్‌హెల్మ్‌ను చేరదీశారు.

ఆ ఆశ్రమం ఉత్త అన్నం పెట్టే చోటు కాదు. పక్కనే వర్క్‌షాపులు ఉండేవి, పిల్లలకు పని నేర్పేవారు. ఈ కుర్రాడి చెయ్యి ఎటు పోతోందో వెర్నర్‌ కనిపెట్టారు. 15 ఏళ్లకే డ్రాయింగ్‌ ఆఫీసులో కూర్చోబెట్టారు. పగలంతా యంత్రాల బొమ్మలు గీసేవాడు. సాయంత్రం ఊళ్లో బడికెళ్లి ఫిజిక్స్‌, ఫ్రీహ్యాండ్‌ డ్రాయింగ్‌ నేర్చుకునేవాడు. జూలియస్‌ వైస్‌బాక్‌ రాసిన మెకానిక్స్‌ సంపుటాలు ముందేసుకుని తనంతట తాను చదివేవాడు. ఇంగ్లిష్‌ కూడా నేర్చుకున్నాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మేబాక్‌కు ఇంజినీరింగ్‌ డిగ్రీ లేదు, సిఫారసు చేసే బంధువు లేడు. ఉన్నవి రెండే. ఒకటి, చూసిన యంత్రాన్ని కాగితం మీద తప్పు లేకుండా గీయగలగడం. రెండు, పని అయ్యాక కూడా పుస్తకం తెరవగలగడం. మీరు ఐటీఐలో ఉన్నా, డిప్లొమాలో ఉన్నా, బీటెక్‌ అయ్యి ఖాళీగా ఉన్నా ఈ రెండూ సంపాదించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ వర్క్‌షాపులకు మేనేజర్‌గా గొట్లీబ్‌ డైమ్లర్‌ వచ్చాడు. మేబాక్‌ కన్నా 12 ఏళ్లు పెద్ద. కుర్రాడి పని చూశాడు, వదల్లేదు. డైమ్లర్‌ 1869లో కార్ల్స్‌రూ వెళ్లాడు, వెనకే మేబాక్‌ వెళ్లాడు. డైమ్లర్‌ 1872లో కొలోన్‌ దగ్గర డాయిట్జ్‌ ఇంజిన్ల ఫ్యాక్టరీకి మారాడు. అక్కడా మేబాక్‌ చేరి డిజైన్‌ విభాగానికి పెద్ద అయ్యాడు. నికొలస్‌ ఒట్టో 1876లో తయారుచేసిన ఫోర్‌ స్ట్రోక్‌ ఇంజిన్‌ను ఫ్యాక్టరీలో వరసగా తయారుచేయడానికి వీలుగా తీర్చిదిద్దింది మేబాకే. మీ బండిలో ఇప్పుడు జరిగే సక్షన్‌, కంప్రెషన్‌, పవర్‌, ఎగ్జాస్ట్‌ అనే నాలుగు అడుగులు ఆ ఇంజిన్‌వే.

తోటలో షెడ్డు, తలుపు దగ్గర పోలీసులు

1882లో డైమ్లర్‌ ఆ కంపెనీ వదిలి స్టుట్‌గార్ట్‌ పక్కనున్న కాన్‌స్టాట్‌లో ఇల్లు కొన్నాడు. తోటలోని గ్లాసు గదిని వర్క్‌షాపుగా మార్చి మేబాక్‌ను పిలిచాడు. ఇద్దరూ రాత్రింబవళ్లు తలుపులు వేసుకుని పని చేసేవారు. లోపల సుత్తి చప్పుళ్లు. తోటమాలికి అనుమానం వచ్చి దొంగ నాణేలు ముద్రిస్తున్నారని పోలీసులకు చెప్పాడట. వాళ్లు వచ్చి చూస్తే పనిముట్లు, ఇంజిన్‌ ముక్కలే కనిపించాయట.

వాళ్ల పట్టుదల ఒక్కటే, ఇంజిన్‌ చిన్నదవ్వాలి, వేగంగా తిరగాలి. ఒట్టో ఇంజిన్లు నిమిషానికి 150 నుంచి 180 చుట్లు తిరిగేవి. వీళ్లు 600కు తెచ్చారు. 1885లో ఆ ఇంజిన్‌ను చెక్క ఫ్రేమున్న ద్విచక్ర వాహనంలో బిగించారు. 264 సీసీ, అర హార్స్‌పవర్‌, పక్కలకు పడకుండా రెండు చిన్న చక్రాలు. పెట్రోలుతో నడిచిన తొలి మోటార్‌సైకిల్‌ అదే అంటారు. ఆ నవంబరులో డైమ్లర్‌ కొడుకు పాల్‌ దాన్ని కాన్‌స్టాట్‌ నుంచి ఉంటర్‌టుర్క్‌హైమ్‌ దాకా నడిపాడు. మంట పెట్టే వేడి గొట్టం సరిగ్గా సీటు కింద ఉండడంతో దారిలో సీటు అంటుకుందని కూడా చెబుతారు. తొలి బండికే ట్రబుల్‌ షూటింగ్‌ అవసరమైందన్నమాట!

కానీ అసలు తలనొప్పి సీటు కాదు, పెట్రోలు.

గాలి, పెట్రోలు: లెక్క తప్పితే అంతే

పెట్రోలు ద్రవంగా మండదు. ఆవిరై గాలిలో కలిస్తేనే మండుతుంది. అదీ తగిన పాళ్లలో కలవాలి. బరువు లెక్కన ఒక వంతు పెట్రోలు పూర్తిగా మండాలంటే దాదాపు 14.7 వంతుల గాలి కావాలి. పెట్రోలు తగ్గితే దాన్ని లీన్‌ అంటాం, ఎక్కువైతే రిచ్‌ అంటాం.

తొలి బండిలో మేబాక్‌ వాడింది పెట్రోలు మీదుగా గాలిని పంపి ఆవిరిని పట్టుకెళ్లే రకం. అందులో ఓ చిక్కుంది. పెట్రోల్లో తేలిక భాగాలు ముందు ఆవిరైపోతాయి, బరువైనవి అడుగున మిగిలిపోతాయి. దాంతో ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒక తీరు, అడుగంటాక ఇంకో తీరు. వాతావరణం మారితే మళ్లీ తేడా. ఇంజిన్‌ వేగం పెరిగేకొద్దీ ఈ పద్ధతి చాలదని మేబాక్‌కు అర్థమైంది.

ఈలోగా డబ్బు కోసం బయటి పెట్టుబడిదారులను కలుపుకొని 1890లో డైమ్లర్‌ కంపెనీ పెట్టారు. వచ్చినవాళ్లకు కొత్త ప్రయోగాల కంటే ఉన్న ఇంజిన్లు అమ్ముకోవడమే ముఖ్యం. మేబాక్‌కు వాళ్లు ఇచ్చిన ఒప్పందం ఆయన చేసిన పనికి తగ్గట్టు లేదు. 1891 ఫిబ్రవరిలో బయటికొచ్చేశాడు. అప్పటికి వయసు 45, ఇంట్లో భార్యాపిల్లలు ఉన్నారు. పేరు మొత్తం డైమ్లర్‌దే తప్ప మేబాక్‌ అంటే బయట ఎవరికి తెలుసు? ఆలోచించండి, ఆ వయసులో అలాంటి నిర్ణయం తీసుకోవడం చిన్న విషయం కాదు.

ముందు ఇంట్లోనే డ్రాయింగ్‌ బల్ల వేసుకున్నాడు. 1892లో మూతపడిన హెర్మన్‌ అనే హోటల్‌ భవనంలోకి మారాడు. డైమ్లర్‌ లోపాయికారీగా డబ్బు సర్దాడు. పాత హోటల్‌ గదుల్లోనే ఫీనిక్స్‌ అనే కొత్త ఇంజిన్‌ పుట్టింది. దానితోపాటే స్ప్రే నాజిల్‌ కార్బ్యురేటర్‌ వచ్చింది. 1893లో పేటెంట్‌ తీసుకున్నారు. అదే ఏడాది కొన్ని నెలల ముందు హంగరీలో డోనాట్‌ బాంకి, యానోష్‌ చోంకా అనే ఇద్దరు ఇలాంటిదే పేటెంట్‌ చేశారు. సమస్య ఒకటే అయినప్పుడు వేర్వేరు చోట్ల బుర్రలు ఒకే దారిలో పరుగెత్తడం కొత్త కాదు.

మేబాక్‌ చేసింది వినడానికి చాలా మామూలు విషయం. చిన్న గిన్నెలో పెట్రోలు, అందులో తేలే ఫ్లోట్‌. మట్టం ఎప్పుడూ నాజిల్‌ మూతి కంటే కాస్త కిందే ఉంటుంది. పిస్టన్‌ కిందికి దిగేటప్పుడు గాలిని లాగుతుంది. ఆ గాలి నాజిల్‌ పక్కనుంచి వేగంగా పోతుంటే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. గిన్నెలో పెట్రోలు మీద బయటి గాలి ఒత్తిడి ఉంది కదా, ఆ తేడాకు పెట్రోలు సన్నని తుంపరగా పైకి చిమ్ముతుంది. ఇంజిన్‌ ఎంత గాలి అడిగితే దానికి తగ్గ పెట్రోలు తనంతట తానే వస్తుంది. మధ్యలో మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు.

ఇప్పుడు మీ స్నేహితుడి బండి దగ్గరికి రండి

పై పేరాలో మొత్తం ఆట ఒత్తిడి తేడా మీదే నడిచింది. గమనించారా? కంపెనీ ఎయిర్‌ ఫిల్టర్‌ డబ్బా గాలికి కొంచెం అడ్డు. ఆ అడ్డు వల్ల కార్బ్యురేటర్‌లో ఒత్తిడి ఇంకాస్త తగ్గి ఉంటుంది. దాన్ని లెక్కలోకి తీసుకునే కంపెనీ జెట్‌ సైజు పెట్టింది. మీ స్నేహితుడు డబ్బా పీకేశాడు. అడ్డు పోయి గాలి సులువుగా వస్తోంది, పెట్రోలును లాగే ఒత్తిడి తేడా మాత్రం తగ్గింది. పైగా సైలెన్సర్‌ ఫ్రీ అయ్యేసరికి ఎక్కువ వేగంలో ఇంజిన్‌ ఇంకా గాలి తీసుకుంటోంది. జెట్‌ మాత్రం పాతదే. ఫలితం లీన్‌.

లీన్‌ అయితే ఏం కనిపిస్తుంది? చోక్‌ లేకుండా స్టార్ట్‌ కాదు, ఇంజిన్‌ విపరీతంగా వేడెక్కుతుంది. ఒకే వేగంలో పోతున్నా బండి ముందుకూ వెనక్కూ ఊగినట్టు ఉంటుంది. యాక్సిలరేటర్‌ వదిలితే టప్‌ టప్‌మంటుంది. స్పార్క్‌ ప్లగ్‌ తీసి చూస్తే పింగాణీ తెల్లగా ఉంటుంది. లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టు. పొడిగా నల్లగా మసి పట్టి ఉంటే రిచ్‌. తడిగా, జిడ్డుగా నల్లబడితే ఆయిల్‌ పైకి వస్తోందని అనుమానించాలి. అది జెట్‌తో పోయేది కాదు.

ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. వెంటనే స్క్రూడ్రైవర్‌ పట్టుకుని కనబడిన స్క్రూ తిప్పేస్తారు. మేబాక్‌లా గీసి, రాసి, ఒక్కొక్కటే చూసేవాళ్ల పద్ధతి వేరు.

ముందు కార్బ్యురేటర్‌ జోలికి వెళ్లొద్దు. కార్బ్యురేటర్‌కీ ఇంజిన్‌కీ మధ్య రబ్బరు గొట్టం పగిలిందేమో చూడండి. ఆ పగులు నుంచి దొంగ గాలి దూరితే ఎంత ట్యూనింగ్‌ చేసినా వృథా. కొత్త సైలెన్సర్‌ ఇంజిన్‌కు అతికే చోట గాస్కెట్‌ సరిగ్గా కూర్చుందా? అక్కడ లీకున్నా టప్‌ టప్‌మంటుంది. టాపెట్‌ క్లియరెన్స్‌ సరిగా ఉందా, జెట్‌లలో చెత్త ఉందా, ప్లగ్‌ మంచిదేనా చూడండి. వీటిలో ఏ ఒక్కటి చెడినా లక్షణాలు లీన్‌ లాగే కనిపిస్తాయి.

తర్వాత చోక్‌ పరీక్ష. ఇంజిన్‌ వేడెక్కాక, గ్యాప్‌ పడుతున్న సమయంలో చోక్‌ కొద్దిగా లాగండి. బండి తేరుకుంటే పెట్రోలు చాలడం లేదని అర్థం. ఇంకా పాడైతే రిచ్‌గా ఉందన్నమాట. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

ఆ తర్వాత గ్యాప్‌ ఎక్కడ పడుతోందో కనిపెట్టాలి. యాక్సిలరేటర్‌ పిడి మీద చిన్న టేపు ముక్క అంటించి పావు, సగం, ముప్పావు గుర్తులు పెట్టుకోండి. స్లో స్పీడ్‌ నుంచి పావు వంతు దాకా పైలట్‌ జెట్‌, మిక్స్చర్‌ స్క్రూ మాట చెల్లుతుంది. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్‌ది. అక్కడి నుంచి పూర్తిగా తెరిచేదాకా మెయిన్‌ జెట్‌ది. హద్దుల దగ్గర ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద పడుతుంది. అయినా ఎక్కడ వెతకాలో ఈ లెక్క చెబుతుంది. ఈ పరీక్ష రద్దీ రోడ్డు మీద మాత్రం వద్దు.

నిజానికి మేబాక్‌ తొలి నాజిల్‌కు ఈ భాగాలు లేవు. ఒకే నాజిల్‌తో అన్ని వేగాల్లో సరైన పాళ్లు రావడం కష్టమని తర్వాత తేలింది. గాలి వేగం పెరిగేకొద్దీ పెట్రోలు అవసరాన్ని మించి వస్తుంది. అందుకే తరవాతివాళ్లు పైలట్‌ జెట్‌, నీడిల్‌, గాలి కలిపే సన్న రంధ్రాలు చేర్చుకుంటూ పోయారు. మీరు చూసే ప్రతి స్క్రూ ఎవరో ఒకరు ఎక్కడో గ్యాప్‌ పడిందని గమనించి పెట్టినదే.

సాధారణంగా మెయిన్‌ జెట్‌ ముందు, తర్వాత నీడిల్‌, చివర పైలట్‌ అనే వరసలో వెళ్తారు. జెట్‌ ఒక్కో సైజు మాత్రమే పెంచాలి. నీడిల్‌కు క్లిప్‌ గాళ్లు ఉంటే క్లిప్‌ను ఒక గాడి కిందికి పెడితే నీడిల్‌ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. మిక్స్చర్‌ స్క్రూ విషయంలో జాగ్రత్త. అది ఇంజిన్‌ వైపుంటే బయటికి తిప్పితే రిచ్‌. ఫిల్టర్‌ వైపుంటే అది గాలి స్క్రూ, బయటికి తిప్పితే లీన్‌. ఈ ఒక్క తేడా తెలియక ఎంతోమంది వారాల తరబడి తలపట్టుకుంటారు. ఒకసారికి ఒక్కటే మార్చండి, మార్చింది నోటుబుక్కులో రాయండి, ప్లగ్‌ చూడండి. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో దేవుడికే తెలియాలి.

ఇంకో మాట. ఇంజిన్‌కు బ్యాక్‌ ప్రెషర్‌ కావాలి అని షెడ్డుల్లో వింటారు. అది సరి కాదు. గొట్టం మరీ లావైతే పొగ వేగం తగ్గి తక్కువ స్పీడులో లాగుడు పోతుంది. దాన్ని ఏ జెట్టూ తిరిగి తేలేదు. అప్పుడు నిజాయతీగా పాత సైలెన్సర్‌ పెట్టుకోమని చెప్పగలిగినవాడే మంచి మెకానిక్‌. పైగా పరిమితి దాటిన శబ్దం చేసే సైలెన్సర్లు చట్టరీత్యా నేరం. పోలీసులు వాటిని కుప్పలుగా పోసి రోడ్‌రోలర్‌తో తొక్కించడం మీరు చూసే ఉంటారు.

కారుకు పేరు, మనిషికి నీడ

మేబాక్‌ దగ్గరికి మళ్లీ వద్దాం. ఆయన లేక డైమ్లర్‌ కంపెనీ కుంగిపోయింది. ఫీనిక్స్‌ ఇంజిన్‌ హక్కులకు ఫ్రెడరిక్‌ సిమ్స్‌ అనే వ్యాపారి 3,50,000 మార్కులు ఇస్తానన్నాడు. డైమ్లర్‌ను వెనక్కి తేవాలన్నది అతని షరతు. 1895లో డైమ్లర్‌తోపాటు మేబాక్‌ కూడా టెక్నికల్‌ డైరెక్టర్‌గా తిరిగొచ్చాడు. నాలుగేళ్ల కిందట తగిన ఒప్పందం కూడా ఇవ్వని చోటికే, ఈసారి తన షరతుల మీద వెళ్లాడు.

1900 మార్చిలో డైమ్లర్‌ చనిపోయాడు. అదే ఏడాది ఎమిల్‌ యెలినెక్‌ అనే వ్యాపారి వేగమైన, కిందికి ఉండే కొత్త కారు అడిగాడు. మేబాక్‌ 35 హార్స్‌పవర్‌ కారు గీశాడు. నాలుగు సిలిండర్లు, రెండు కార్బ్యురేటర్లు, తేనెపట్టు లాంటి రేడియేటర్‌. 1901 మార్చిలో నీస్‌ పోటీల్లో అది అందర్నీ వెనక్కి నెట్టేసింది. ఫ్రెంచివాళ్లు మేబాక్‌ను డిజైనర్ల రాజు అని పిలుచుకున్నారు. కారుకు మాత్రం యెలినెక్‌ కూతురు పేరు పెట్టారు. అదే మెర్సిడెస్‌.

అంత చేసినా చివరికి కంపెనీలో ఆయన్ని పక్కకు నెట్టారు. 1907లో శాశ్వతంగా బయటికొచ్చేశాడు. అప్పుడు వయసు 61. ఇక చాలనుకోలేదు. జెప్లిన్‌ ఎయిర్‌షిప్‌లకు ఇంజిన్లు కావాలని తెలిసి 1909లో అందుకోసం పెట్టిన కంపెనీకి వెన్నుగా నిలిచాడు. దాన్ని నడిపింది కొడుకు కార్ల్‌. తర్వాత మేబాక్‌ పేరుతో కార్లు చేసిందీ అతనే. డిగ్రీ లేని ఆ డ్రాఫ్ట్స్‌మన్‌కు 1916లో స్టుట్‌గార్ట్‌ సాంకేతిక విద్యాసంస్థ గౌరవ డాక్టరేట్‌ ఇచ్చింది. 1929 డిసెంబరు 29న, 83 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. కాన్‌స్టాట్‌ శ్మశానంలో డైమ్లర్‌ సమాధికి దగ్గర్లోనే ఆయన సమాధీ ఉంది.

మీ చేతిలో ఉన్నది

కార్బ్యురేటర్ల కాలం అయిపోయింది కదా, ఇప్పుడెందుకు ఇదంతా అంటారా? నిజమే. 2020 ఏప్రిల్‌ 1 నుంచి బీఎస్‌–6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో చాలావరకు ఫ్యూయల్‌ ఇంజెక్షనే. నాజిల్‌ పని ఇంజెక్టర్‌ చేస్తోంది, నీడిల్‌ పని కంప్యూటర్‌ చేస్తోంది, ప్లగ్‌ రంగు చూసే పని ఆక్సిజన్‌ సెన్సర్‌ చేస్తోంది. కానీ అది తేల్చే లెక్క మాత్రం పాతదే. ఎంత గాలికి ఎంత పెట్రోలు? అది తెలిసినవాడికి స్కానర్‌లో కనబడే అంకె అర్థమవుతుంది. తెలియనివాడికి అంకె అంకెగానే ఉంటుంది. రోడ్ల మీద పాత కార్బ్యురేటర్‌ బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, అదీ మరిచిపోవద్దు.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. మీ వీధిలో ఉన్న మెకానిక్‌ను అడిగి పనికిరాని కార్బ్యురేటర్‌ ఒకటి తెచ్చుకోండి. దేనికది విప్పి ప్రతి భాగాన్నీ కాగితం మీద గీయండి. పక్కన దాని పనేంటో తెలుగులో మీ మాటల్లో రాయండి. మళ్లీ బిగించండి. రేపు ఇంటర్వ్యూలో ఆ సైలెన్సర్‌ ప్రశ్న వస్తే కంఠతా పట్టిన లైను వల్లించక్కర్లేదు. తెల్ల కాగితం అడగండి, పెన్ను తీయండి, గీసి చూపించండి.

రాయిట్లింగెన్‌లో 15 ఏళ్ల అనాథ కుర్రాడు మొదలెట్టింది కూడా అలాగే.